అవతలి కొస

జాగ్రత్తయ్య అన్న పేరు ఆయనకి తల్లిదండ్రులు పెట్టింది కాదు, ఇళ్ళు మారే జనం పెట్టింది. సామాన్లు చేరవేసే కంపెనీలో ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆయనది. బీరువా గుమ్మం దాటుతుంటే ఒక జాగ్రత్త, మెట్లు దిగుతుంటే రెండు, లారీ ఎక్కుతుంటే మూడు. ఒక ఇంట్లో చిలకని పంజరంతో సహా మూడో అంతస్తు నుంచి దింపి, ఊరికి అటు చివర నాలుగో అంతస్తు ఎక్కించేసరికి అది కూడా జాగ్రత్త, జాగ్రత్త అనడం మొదలుపెట్టింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. ఆ కాగితం చూసి ఒకసారి ఆయనే, ఇదెవరిది, నాకెందుకిచ్చారు అని అడిగాడని ఆఫీసులో చెప్పుకుంటారు. అది అబద్ధం. కానీ ఆయన గురించి చెప్పుకునే అబద్ధాలన్నీ నమ్మబుద్ధయ్యేలాగే ఉంటాయి.

ఆయన పట్టుకున్న ప్రతి వస్తువుకీ అవతలి కొస పట్టుకునేది ఆయన భార్య. పెళ్ళయిన రెండో నెలలో, ఆయనతో పనిచేసే మనిషి చెప్పాపెట్టకుండా మానేస్తే, ఈ ఒక్క పూటకీ నేనొస్తాను పదండి అని జుట్టు ముడేసుకుని లారీ ఎక్కింది. ఆ ఒక్క పూట ఇంకా పూర్తి కాలేదు. మనిషి పొట్టి, రెక్కలు గట్టి, నోరు అంతకన్నా గట్టి.

చేతిలో బరువున్నంతసేపూ ఆమె మొగుణ్ణి నువ్వు అంటుంది. "ఎత్తు. తిప్పు. ఆగు. కాలు చూసుకో, కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?" బరువు నేల మీదికి దిగిన మరుక్షణం మర్యాద తిరిగొస్తుంది. "మీరు మంచినీళ్ళు తాగుతారా?" ఇల్లు మారేవాళ్ళు ఇది చూసి మొదట బిత్తరపోయేవారు, తరవాత అలవాటు పడేవారు. జాగ్రత్తయ్యకి మాత్రం ఆ రెండింటిలో నువ్వు అన్నదే ఎక్కువ ఇష్టం. ఎందుకో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు.

వాళ్ళ పనిలో ఇంకో నియమం కూడా ఉండేది. బరువు చేతిలో ఉండగా పోట్లాడుకోకూడదు. ఎంత ఒళ్ళు మండినా సరే, ముందు "దించు" అనాలి. దించాక ఎంతసేపైనా పోట్లాడుకోవచ్చు. అందుకే ఊళ్ళో చాలామంది తమ సోఫా మెట్ల మలుపులో నిలబడి ఉండటం, దానికి చెరోవైపు మొగుడూపెళ్ళాలు చేతులు తిప్పుకుంటూ అరుచుకోవడం చూశారు. ఈ నియమం ఒక నిలువుటద్దం పుణ్యమా అని వచ్చింది. పధ్నాలుగేళ్ళ కిందట దాన్ని మెట్ల మీదుగా దింపుతూ, ఎడమకి తిప్పాలా కుడికి తిప్పాలా అని మాటామాటా అనుకుంటుంటే, అద్దం కాస్తా కిందపడి ముక్కలైంది. నువ్వే ముందు వదిలావని ఆయన. కాదు, మీరేనని ఆమె. అప్పట్నుంచీ ఆ అద్దం వారానికి ఒకసారైనా వాళ్ళింట్లో పగులుతూనే ఉంది. ఆ ప్రస్తావన వచ్చినప్పుడు జాగ్రత్తయ్య గొంతు ఉండాల్సిన దానికంటే కాస్త పైనే ఉండేది.

ఇలాంటి మనిషి సైకిలు పందేల్లోకి ఎలా వచ్చాడంటే, దానికి కారణం బావమరిది. అతను బస్సు కండక్టరు. వారమంతా నిలబడే ఉద్యోగం కాబట్టి ఆదివారం సైకిలు తొక్కితే తప్ప ఒంట్లో రక్తం కదలదని అతని సిద్ధాంతం. పార్కులో ఏటా జరిగే సైక్లోక్రాస్ పందెంలో భార్యతో కలిసి జంటగా పాల్గొంటాడు. ఆ ఏడు జంటల విభాగంలో నాలుగు జంటలే పేరిచ్చాయి. ఐదు లేకపోతే పందెం రద్దు. అందుకని అక్కా బావల మీద పడ్డాడు.

"సైక్లోక్రాస్ అంటే ఏం లేదు బావా. బురదలో సైకిలు తొక్కాలి. తొక్కలేని చోట దిగి, సైకిలు భుజానేసుకుని మెట్లెక్కాలి. మళ్ళీ తొక్కాలి. మళ్ళీ మొయ్యాలి."

"ఎవరి ఇల్లు మారుతోంది?" అని అడిగాడు జాగ్రత్తయ్య.

"ఎవరిదీ మారట్లేదు. ఊరికే."

"ఊరికే మొయ్యడమేంట్రా, పిచ్చా?" అని జాగ్రత్తయ్య టీ గ్లాసు తీసుకుని వసారాలోకి వెళ్ళిపోయాడు. ఆ మాట అక్కడితో ముగిసిపోవాల్సింది. ముగియకపోవడానికి కారణం ఓనరమ్మ.

కంపెనీ ఆఫీసంటే ఒక ఇరుకు గది. గోడకి మేకులు, మేకులకి లారీ తాళాలు, మూలన మడతపెట్టిన దుప్పట్లు, తాళ్ళు, మధ్యలో ఫోను బల్ల. ముప్ఫై ఏళ్ళుగా ఆ బల్ల వెనక కూర్చుని, ఎన్నో అంతస్తు, లిఫ్టుందా, గుమ్మం వెడల్పెంత అని జనాన్ని అడుగుతూ వచ్చింది ఓనరమ్మ. ఇప్పుడావిడ విశ్రాంతి తీసుకుని చెల్లెలి దగ్గర ఉండాలనుకుంటోంది. ఆ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలని నెల్లాళ్ళు ఆలోచించి, జాగ్రత్తయ్య భార్యని పిలిచింది.

"మెట్లు చూడకుండానే ఎన్ని మెట్లుంటాయో చెప్పగలవు నువ్వు. ఈ బల్లకి నువ్వే సరిపోతావమ్మాయ్. సోమవారం పొద్దున్నకల్లా ఏ సంగతీ చెప్పు. మీ ఆయనకి ఇంకో మనిషిని చూద్దాం."

ఆ రాత్రి అన్నాలు తింటుండగా ఆమె ఈ సంగతి చెప్పింది. జాగ్రత్తయ్య ముద్ద కలపడం ఆపేశాడు. ఇంకో మనిషా? అవతలి కొసకి ఇంకో మనిషా? నువ్వు లేకపోతే నాకు చేతులాడవు అని చెప్పాలి ఆయన. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. వచ్చి, మలుపులో సోఫా ఇరుక్కున్నట్టు ఇరుక్కుంది. దానికి బదులు వేరే మాట బయటికొచ్చింది.

"వెళ్తే వెళ్ళు. నా చెవులకి సుఖం."

ఆమె చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కాసేపటికి లేచి, గిన్నెలు మామూలు కంటే చప్పుడు చేస్తూ కడిగింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"అంతేనన్నమాట. నా నోటితోనే మీకు బాధన్నమాట. సరే, ఆదివారం మావాడి పందేనికి వెళ్దాం. మొదలుపెట్టిన దగ్గర్నుంచీ చివరి గీత దాటేదాకా మనిద్దరం ఒక్కసారి కూడా పోట్లాడుకోకుండా వస్తే, సోమవారం నేను లారీలోనే, మీ పక్కనే. ఒక్క గొడవ జరిగినా, ఎవరు మొదలెట్టినా, నేను ఫోను బల్ల దగ్గరికి పోతాను. మళ్ళీ అడక్కండి."

జాగ్రత్తయ్య తలూపాడు. అన్నమాట వెనక్కి తీసుకునే కన్నా బురదలో సైకిలు మొయ్యడమే తేలికనిపించింది ఆ క్షణాన. మగవాళ్ళకి ఇలాంటి లెక్కలు ఎక్కడ నేర్పుతారో తెలీదు.

ఆదివారం నాటికి నాలుగు రోజులుగా వాన. పార్కంతా పిసికిన పిండిలా ఉంది. బావమరిదీ అతని భార్యా ఒంటికి అంటుకుపోయిన పసుపుపచ్చ బట్టల్లో వచ్చారు. ఇంకా ఒక పళ్ళ డాక్టరమ్మా వాళ్ళాయనా, ఇద్దరు లెక్కల టీచర్లు, కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి. జాగ్రత్తయ్య దంపతులు కంపెనీ నీలం చొక్కాలేసుకొచ్చారు. ఇద్దరి వీపుల మీదా "మీ సామాను మా ప్రాణం" అని రాసుంది. కింద ఫోను నంబరు. సైకిళ్ళు బావమరిదివే, పాతవి.

పందేనికి పెద్ద, రిటైరైన డ్రిల్లు మాస్టారు. నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని గట్టిగా చదివి వినిపించాడు. పార్కు చుట్టూ నాలుగు చుట్లు. బయటివాళ్ళ సాయం పుచ్చుకోకూడదు. జంటలో రెండోవాళ్ళు గీత దాటితేనే ఆ జంట వచ్చినట్టు. ఈల వేశాడు.

"జాగ్రత్త," అన్నాడు జాగ్రత్తయ్య. తిరిగి చూసేసరికి మిగతా నాలుగు జంటలూ మలుపు తిరిగిపోయాయి.

మొదటి చుట్టులో దారికి అడ్డంగా పెట్టిన పలకల్ని సైకిలు దిగి దాటారు. పలకలయ్యాక కాస్త ఎత్తుపల్లాలు, ఆ తరవాత మెట్లు. ముప్ఫై ఒక్క రాతి మెట్లు, నిండా బురద. పైన అందరూ సైకిళ్ళు భుజాన వేసుకుని జారుతూ లేస్తూ ఎక్కుతున్నారు. జాగ్రత్తయ్య కూడా సైకిలెత్తి భుజాన వేసుకున్నాడు. హ్యాండిలు చెవికి తగిలింది. పెడలు డొక్కలో పొడిచింది. ఇరవై రెండేళ్ళలో ఆయన ఒంటరిగా ఏదీ ఎత్తలేదు. అవతల ఎవరూ లేని బరువు ఎటు వాలుతుందో ఆయన చేతులకి అంతుపట్టలేదు. పక్కకి చూస్తే ఆమె కూడా సైకిలుతో కుస్తీ పడుతోంది. ఇద్దరి చూపులూ కలిశాయి.

జాగ్రత్తయ్య జేబులోంచి పట్టీ తీశాడు. బీరువాలకి కట్టే పట్టీ అది, ఎక్కడికెళ్ళినా జేబులోనే ఉంటుంది. రెండు సైకిళ్ళనీ ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, చుట్టూ తిప్పి బిగించాడు.

"పై కొస నాది," అంది ఆమె.

ఇదొకటి ఈ మధ్య కొత్తగా మొదలైంది. మెట్లెక్కేటప్పుడు కింది కొస పట్టుకున్నవాళ్ళ మీద బరువెక్కువ పడుతుంది. వెనకటికి ఒక ఇంట్లో ఆయన కింద ఉంటే, ఇంకో ఇంట్లో ఆమె ఉండేది. ఎనిమిది నెలలుగా మాత్రం ఎప్పుడు చూసినా పై కొస నాది అంటోంది. ఏళ్ళు గడిచేకొద్దీ పొగరెక్కిందని జాగ్రత్తయ్య అనుకుంటున్నాడు. మామూలుగానైతే ఆ మాట అనేసేవాడే. ఇవాళ పెదవి బిగబట్టాడు.

"ఎత్తు," అంది ఆమె.

ఎత్తారు. ఇక చూడాలి ఆ వయ్యారం. ఆమె వెనక్కి అడుగులేస్తూ, ఆయన కింది నుంచి మోస్తూ, ఒక్క మెట్టు తడబడకుండా, పియానో మోసినంత మర్యాదగా ఆ రెండు సైకిళ్ళనీ పైకి తీసుకుపోయారు. "తప్పుకోండి, తప్పుకోండి, సామాను వస్తోంది," అని ఆయన అరిస్తే పళ్ళ డాక్టరమ్మా వాళ్ళాయనా నిజంగానే గోడకి ఒదిగి దారిచ్చారు. పైకెళ్ళాక సైకిళ్ళని మెత్తగా దించి, పట్టీ విప్పి, జాగ్రత్తయ్య పరుగున వచ్చిన డ్రిల్లు మాస్టారితో అలవాటుగా అన్నాడు.

"ఒకసారి చూసుకోండి సార్. ఎక్కడా గీత పడలేదు."

మాస్టారు పుస్తకం ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా తిరగేశాడు. "ఇద్దరూ కలిసి మొయ్యకూడదని ఇందులో లేదయ్యా. బయటివాళ్ళ సాయం కూడదని ఉంది. మీ ఆవిడ బయటి మనిషేం కాదు కదా?"

"ఇరవై రెండేళ్ళయింది మాస్టారూ."

రెండో చుట్టులో అసలు పరీక్ష మొదలైంది. మెట్ల మీద సంపాదించుకున్నదంతా చదునైన నేల మీద పోగొట్టుకున్నారు. ఒకచోట దారి రెండు చెట్ల మధ్య నుంచి పోతుంది. అక్కడికి రాగానే జాగ్రత్తయ్య బ్రేకు వేసి, దిగి, ఆ సందుని జానలతో కొలవడం మొదలుపెట్టాడు. కొలవకుండా ఏ గుమ్మంలోనూ కాలుపెట్టిన మనిషి కాదాయన. వెనకొస్తున్న లెక్కల టీచర్లు పక్కనుంచి దూసుకుపోయారు.

ఆమె ఊపిరి గట్టిగా పీల్చుకుంది. ఆయన మెడ వంచుకుని చీవాట్ల కోసం చూశాడు.

"ఎన్ని జానలండీ?" అంది ఆమె తియ్యగా.

"ఆరు."

"హ్యాండిలో?"

"రెండున్నర."

"అయితే పడుతుందంటారా?"

"పడుతుంది."

"పోన్లెండి, మంచిదైంది."

జాగ్రత్తయ్యకి భయమేసింది. ఆ గొంతు ఆయన పెళ్ళిచూపుల తరవాత మళ్ళీ వినలేదు. వంద గజాలు పోయాక ఆమె తన సైకిలుతో ఆయన వెనక చక్రాన్ని గుద్దింది. ఆయన ఎగిరి బురదలో మొహం పెట్టి పడ్డాడు. లేచాడు. నోట్లో బురద ఉమ్మేశాడు. "ఫరవాలేదు, చల్లగా ఉంది," అన్నాడు. ఆ మాట పైకి అనడానికి ఎన్ని మాటలు కిందకి మింగాడో ఆయన కడుపుకే తెలియాలి. దారి పక్కన కొత్తగా పెళ్ళయిన జంట సైకిళ్ళు పడేసి, తప్పు నీదంటే నీదని అరుచుకుంటున్నారు. పందెం సంగతి మర్చిపోయి చెరో గేటు గుండా వెళ్ళిపోయారు. వాళ్ళని చూసి జాగ్రత్తయ్యకి అసూయ కలిగింది.

మూడో చుట్టులో మెట్ల దగ్గరికి ఆమె ముందొచ్చి దిగింది. వెనకే వస్తున్న జాగ్రత్తయ్య బ్రేకు వేస్తే చక్రం జారి, సైకిలు ఆమె కాళ్ళ దగ్గర ఆగిపోయి, తాను మాత్రం ఆమెని దాటిపోయి నాలుగో మెట్టు మీద బోర్లా పడ్డాడు. లేచి చూసుకుంటే ఆయన పైన, ఆమె కింద.

"ఉన్నచోటే ఉండు. ఈసారికి పై కొస నాది," అన్నాడు పట్టీ బిగిస్తూ.

ఆమె పైదాకా మెట్లన్నీ ఒకసారి చూసింది. ఎత్తింది.

ఇప్పుడు జాగ్రత్తయ్య వెనక్కి అడుగులేస్తున్నాడు. ఆయన చేతుల్లో ఉన్నది బీరువా కాదు. వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ ఒక బీరువానో, మంచమో, ఫ్రిజ్జో అడ్డంగా ఉండేది. మెట్ల మీద భార్య మొహం ఎలా ఉంటుందో ఆయనకి తెలిసే అవకాశమే లేకపోయింది. ఇందాక కింద ఉన్నప్పుడు కళ్ళు మెట్ల మీదే ఉన్నాయి. ఇప్పుడు రెండు చక్రాల మీదుగా ఆ మొహం కనపడుతోంది. కింది పెదవి పళ్ళ కింద నలుగుతోంది. ఎడమ కాలు మెట్టెక్కినప్పుడు బరువు బాగానే ఉంది. కుడి కాలు వంతు వచ్చేసరికి సైకిళ్ళు చటుక్కున కిందికి దిగి, మళ్ళీ లేస్తున్నాయి. చూసేవాళ్ళకి అది తెలీదు. పట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది. పదమూడో మెట్టు మీద ఇంకాస్త దిగింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది.

కుడి మోకాలు.

ఆ తరవాత ఒక్కొక్కటే గుర్తొచ్చాయి ఆయనకి. బస్సు మెట్లు పక్కకి తిరిగి దిగడం. నేల మీద కూర్చుని కూరలు తరిగే మనిషి స్టూలు వేసుకోవడం. నడుం పట్టేసిందని చెప్పి రాత్రిళ్ళు వేణ్ణీళ్ళ సంచి పెట్టుకోవడం. పై కొస నాది, పై కొస నాది అని ఎనిమిది నెలలుగా అనడం. దాన్ని పొగరనుకున్నాడు తను. తన చెంప తనే వాయించుకోవాలనిపించింది గాని చేతులు ఖాళీగా లేవు.

పైకెళ్ళేసరికి ఇంకో సంగతి కూడా తట్టింది. ఫోను బల్ల దగ్గరికి పోవాలనుకునే మనిషి మోకాలి నొప్పి దాచుకోదు. చెప్పి హాయిగా కుర్చీలో కూర్చుంటుంది. లారీ నుంచి దింపేస్తారేమోనన్న భయంతోనే దాచింది. అంటే తనతోనే ఉండాలనుకుంటోంది. జాగ్రత్తయ్యకి పట్టరాని సంతోషం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. ఎందుకంటే ఈ పందెం ఇలాగే నవ్వుతూ ముగిస్తే, ఆమె రేపు ఆ మోకాలితోనే లారీ ఎక్కుతుంది. మొదటి పని ఐదో అంతస్తు, లిఫ్టు లేదు.

ఇక దారి ఒక్కటే. గీత దాటే లోపల గొడవ పెట్టుకోవాలి.

ఇరవై రెండేళ్ళలో గొడవ పెట్టుకోవడానికి జాగ్రత్తయ్య ఎన్నడూ కష్టపడలేదు. ఊరికే నిలబడితే అదే వచ్చేది. అలాంటిది నాలుగో చుట్టులో, బురదలో పెడలు తొక్కుతూ, వెతుక్కోవాల్సి వచ్చింది.

"మీ తమ్ముడి బట్టలు చూశావా? అరటిపండులా ఉన్నాడు."

"నిజమేనండీ. నాకూ అలాగే అనిపించింది."

"పొద్దున నువ్విచ్చిన టీ నోట్లో పెట్టుకునేలా లేదు."

"రేపట్నుంచి మీకెలా కావాలంటే అలా పెడతాను."

"మీ అమ్మకి మొదట్నుంచీ నేనంటే చిన్నచూపు."

"మా అమ్మ అంతేనండీ. మీరు కాబట్టి ఓర్చుకున్నారు."

ఏ మాట విసిరినా మెత్తటి పరుపు మీద పడ్డట్టు పడుతోంది. పలకలు కనిపిస్తున్నాయి. వాటి తరవాత మెట్లు, మెట్ల తరవాత గీత. ఇంకొక్కటే మిగిలింది ఆయన దగ్గర. దాన్ని బయటికి తియ్యాలంటే ఆయనకే మనసొప్పలేదు. అయినా తీశాడు.

"ఆ నిలువుటద్దం ఉందే, దాన్ని ముందు వదిలింది నువ్వే."

ఆమె పెడలు ఆగింది. మెడ దగ్గర్నుంచి ఎరుపు పాకుతూ పైకొచ్చింది. వచ్చేసింది, హమ్మయ్య, అనుకున్నాడు జాగ్రత్తయ్య. ఆమె నోరు తెరిచింది, మూసింది, రెండు గుటకలు మింగింది.

"అవునండీ," అంది. "నేనే వదిలాను."

జాగ్రత్తయ్య సైకిలు నేరుగా పలకలకి కొట్టుకుంది. ఆయన పలక అవతల పడ్డాడు, సైకిలు ఇవతల పడింది. పధ్నాలుగేళ్ళుగా ఆమె చస్తే ఒప్పుకోని మాట అది. తన పక్కన లారీలో కూర్చోవడం కోసం దాన్ని కూడా ఒప్పేసుకుంది. అక్కడే బురదలో కాసేపు పడుకుని ఉండిపోవాలనిపించింది ఆయనకి.

"దెబ్బ తగిలిందా అండీ?" అంది ఆమె పైనుంచి వంగి.

"తగిలింది," అన్నాడు. ఎక్కడో చెప్పలేదు.

మెట్ల దగ్గర ఆమె నోరు తెరిచే లోపలే కింది కొస పట్టుకున్నాడు. బరువంతా తన మీదికే లాక్కుంటూ ఎక్కాడు. పైన పట్టీ విప్పబోతే ముడి తడిసి బిగుసుకుపోయింది. గోళ్ళతో, పళ్ళతో లాగినా రాలేదు. ఇక చేసేది లేక, కట్టిన సైకిళ్ళని అలాగే మోసుకుంటూ గీత వైపు నడిచారు. మిగతా మూడు జంటలూ ఎప్పుడో వచ్చేశాయి. రెండో స్థానంలో వచ్చిన బావమరిదీ అతని భార్యా గీత దగ్గర సైకిలు గంటలు వాయిస్తున్నారు. జనం చప్పట్లు కొడుతున్నారు. గీత ఇంకో మూడు గజాలుంది.

"దించు," అన్నాడు జాగ్రత్తయ్య.

"గీత ఇంకా రాలేదు. నడువు."

"దించు అన్నానా!"

నియమం నియమమే. దించారు.

"నీ కుడి మోకాలు పోయింది," అన్నాడు ఆయన. "ఎనిమిది నెలలైంది. పదమూడో మెట్టు మీద తెలిసింది నాకు. ఆ మోకాలితో నువ్వు లారీ ఎక్కితే నేనూరుకోను. పోట్లాడు నాతో. ఇప్పుడే, ఇక్కడే పోట్లాడు. గొడవ జరిగిందంటే బల్ల దగ్గరికి పోతానన్నావుగా, పో."

ఆమె రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. తరవాత మొదలైంది.

"అంటే ఇందాకట్నుంచీ కావాలని నన్ను గిల్లుతున్నారా? నా టీ బాగాలేదా? మా అమ్మని అంటారా? అద్దం కూడా ఒప్పుకున్నానే మీకోసం, సిగ్గులేకుండా! మోకాలి సంగతి తెలిస్తే నోటితో చెప్పలేరా? ఇరవై రెండేళ్ళుగా జాగ్రత్త జాగ్రత్త అని బీరువాలతో చెప్తారే, నాతో ఒక్కసారి చెప్పారా?"

గంటలు ఆగిపోయాయి. బావమరిది తల పట్టుకున్నాడు. "అక్కా! మూడు గజాలే! గీత దాటాక తిట్టు, అక్కా!"

"నువ్వు నోర్ముయ్‌రా అరటిపండూ!" అంది ఆమె అటు తిరక్కుండానే. "వెళ్తే వెళ్ళు అన్నారుగా? చెవులకి సుఖమన్నారుగా? మరి సుఖపడక ఈ ఏడుపెందుకు?"

ఆయన ఏడుస్తున్న సంగతి అప్పుడుగాని ఆయనకి తెలీలేదు. మొహం నిండా బురద ఉండటం వల్ల కన్నీళ్ళు రెండు తెల్లటి చారలు గీశాయి.

"అబద్ధం చెప్పాను," అన్నాడు. "నువ్వు లేకపోతే నాకు చేతులాడవు. అవతలి కొస ఇంకెవరైనా పట్టుకుంటారంటేనే భయంగా ఉంది. ఆ రోజు చెప్పాల్సింది ఇదీ."

పళ్ళ డాక్టరమ్మ వాళ్ళాయన చెయ్యి పట్టుకుంది. జాగ్రత్తయ్య భార్య ముక్కు ఎగబీల్చి, నీలం చొక్కా చేతితో మొహం తుడుచుకుంది.

"ఈ ముక్క అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా," అంది. వంగి పై కొస పట్టుకుంది. "ఎత్తు. జనం చూస్తున్నారు."

గీత దాటారు. డ్రిల్లు మాస్టారు గడియారం చూసి, ముగించినవాళ్ళలో నాలుగో స్థానం అని గౌరవంగా రాసుకున్నాడు. ముగించిన జంటలు నాలుగే అని మాత్రం పైకి చదవలేదు. పట్టీ విప్పడానికి చివరికి కత్తెర తేవాల్సి వచ్చింది.

"గొడవ జరిగింది," అంది ఆమె ఇంటికి నడుస్తూ, ఆయన భుజం మీద బరువాన్చి. దారిలో ఎవరైనా ఎదురైతే చెయ్యి తీసేసి, వాళ్ళు పోగానే మళ్ళీ వేసింది. "గీతకి ముందే జరిగింది. మాటంటే మాటే. రేపట్నుంచి బల్ల."

"మోకాలు డాక్టరుకి చూపించాలి."

"చూపిస్తాను. మళ్ళీ మొదలెట్టకండి."

సోమవారం జాగ్రత్తయ్యతో లారీ ఎక్కినవాడు వెనకటి రోజుల్లో కుస్తీలు పట్టిన మనిషి. అందరూ వస్తాదు అంటారు. బలానికి కొదవలేదు, మాటకే కొదవ. ఎత్తు అనకముందే ఎత్తేస్తాడు, దించు అనకముందే దించేస్తాడు. జాగ్రత్త అంటే సరే అంటాడు. ఆ సరేతో జాగ్రత్తయ్యకి ఏం చేసుకోవాలో తెలీలేదు. మధ్యాహ్నానికి ఐదో అంతస్తు నుంచి అన్నీ దిగాయి, ఒక్కటి తప్ప. ఖాళీ గదిలో గోడకి ఆనించి, దుప్పటి కప్పి ఉంది అది. దుప్పటి ఎత్తి చూశాడు. నిలువుటద్దం. అందులో బురద వదలని చెవులతో తనే కనిపించాడు.

వస్తాదుని మంచినీళ్ళు తాగి రమ్మని పంపించి, ఆఫీసుకి ఫోను చేశాడు.

"ఎన్నో అంతస్తు, లిఫ్టుందా, గుమ్మం వెడల్పెంత?" అంది అవతలి గొంతు.

"నేనే."

"ఆఁ. ఏంటి? అన్నీ దిగాయా?"

"ఒక అద్దముంది. నిలువుటద్దం."

ఆఫీసు గదిలో తాళాలు గాలికి గోడకి కొట్టుకుంటున్నట్టు వినపడింది.

"ఇదిగో," అన్నాడు జాగ్రత్తయ్య. గొంతు సవరించుకున్నాడు. మలుపులో ఇరుక్కున్నది పధ్నాలుగేళ్ళ తరవాత కదిలింది. "అప్పుడు ఆ అద్దం ముందు వదిలింది నువ్వు కాదు. నేనే."

"తెలుసు," అంది ఆమె.

"తెలుసా? ఎలా?"

"అవతలి కొస పట్టుకున్నది నేనే కదా," అంది ఆమె. "ఇంక ఫోను పెట్టి, ఎత్తు."